ఐదు రోజుల ఆయుష్షు

వానాకాలం ముదిరి డెంగీ వార్డులు నిండాయంటే రక్తనిధిలో ఫోను మోగుతూనే ఉంటుంది. అందరూ అడిగేది ప్లేట్‌లెట్లే. ముందే కూడబెట్టుకుందామంటే వాటి ఆయుష్షు ఐదు రోజులు. ఎవరో ఒకరు ఇవాళే వచ్చి చెయ్యి చాపాలి.

వచ్చిన మనిషికి 18 ఏళ్లు నిండాలి, 45 కిలోలకు తగ్గకూడదు. కిందటిసారి ఇచ్చి మగవాళ్లకైతే 90 రోజులు, ఆడవాళ్లకైతే 120 రోజులు దాటాలి. ఖాళీ కడుపుతో వస్తే ముందు టిఫిన్‌కి పంపిస్తారు. ఈ రెండు మూడు రోజుల్లో ఆస్ప్రిన్ మింగారా అనీ అడుగుతారు. మింగితే ఆ రక్తంలోంచి ప్లేట్‌లెట్లు తీయరు.

తర్వాత వేలికొస గుచ్చి, ఒక్క చుక్క రక్తాన్ని నీలిరంగు ద్రావణంలో వదులుతారు. అది మైలుతుత్తం, రైతులు తెగుళ్లకు కొట్టేదే. దాని సాంద్రత 1.053. చుక్క 15 సెకన్లలో మునిగితే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదన్నమాట. ఎంత మంచి మనసుతో వచ్చినా ఇక్కడ చుక్క బరువే లెక్క.

మోచేతి మడతలో 16 గేజి సూది. దానికి గొట్టాలతో కలిపిన మూడు సంచులు. మొదటి సంచిలో గడ్డకట్టనివ్వని మందు 49 మిల్లీలీటర్లు ముందే ఉంటుంది. అది అంతటా కలిసేలా మెషిన్ సంచిని ఊపుతుంటే పది నిమిషాల లోపే 350 మిల్లీలీటర్లు నిండుతాయి. దాతకు దక్కేది ఓ పండ్లరసం, రెండు బిస్కెట్లు. డబ్బుకు రక్తమిచ్చే పద్ధతి సుప్రీంకోర్టు 1996 తీర్పుతో 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం.

ఈ సంచిని ఫ్రిజ్‌లో పెట్టరు. చలి తగిలితే ప్లేట్‌లెట్లు చెడతాయి. 20 నుంచి 24 డిగ్రీల గదిలో ఉంచి, ఆరు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌కి ఎక్కిస్తారు. అంటే గిరగిర తిప్పే యంత్రం. ఎదురెదురు గిన్నెల బరువు సరిగ్గా తూగాలి.

మొదటిది నెమ్మది తిప్పు. ఎర్రకణాలు అడుగున చేరతాయి, పైన గడ్డిరంగు ప్లాస్మా తేలుతుంది. అసలు పనితనం ఇక్కడే. టెక్నీషియన్ ఊపిరి బిగబట్టి, తొణకకుండా సంచిని పైకి తీసి స్ప్రింగు పలకల మధ్య నిలబెడతాడు. పలక నొక్కుతుంటే పసుపు ద్రవం రెండో సంచిలోకి పాకుతుంది. ఎరుపు గీత గొట్టం దాకా రాకముందే క్లాంపు పడాలి.

రెండోది వేగం తిప్పు. ప్లేట్‌లెట్లు అడుగున బిళ్లలా అతుక్కుంటాయి. వాటితో 50, 60 మిల్లీలీటర్ల ప్లాస్మా ఉంచి, మిగతాది మూడో సంచిలోకి పంపి మైనస్ 30 డిగ్రీల్లో గడ్డకట్టిస్తారు. ఏడాది ఉంటుంది. ఎర్రకణాలు 2 నుంచి 6 డిగ్రీల్లో 35 రోజులు. బిళ్లను మాత్రం గంటసేపు కదపరు. ఆపైన ఊపే బల్ల మీద రాత్రింబవళ్లూ ఉయ్యాలే.

ఈలోగా హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు. ఒక్కటి తేడా వచ్చినా మూడు సంచులూ పారేయాల్సిందే.

ఇచ్చే ముందు ప్లేట్‌లెట్ల సంచిని వెలుతురుకెత్తి మెల్లగా తిప్పుతారు. లోపల పొగలాంటి సుడి మెరిస్తే సరుకు బాగున్నట్టు. ప్రైవేటు రక్తనిధిలో దీని ప్రాసెసింగ్ చార్జి 400 రూపాయలు. పెద్దవాళ్లకు ఒక్కటి చాలదు, ఐదారు సంచులు కలిపి ఎక్కిస్తారు. అంటే ఐదారుగురు దాతలు.

పేషెంటు తాలూకు మనిషి అలవాటు కొద్దీ ఐస్ డబ్బా తెస్తాడు. టెక్నీషియన్ దాన్ని పక్కకు నెడతాడు. "ఐస్ వద్దండీ. ఎక్కడా ఆగకుండా వార్డుకెళ్లి సిస్టరు చేతికివ్వండి."