మంచం పట్టిన పిల్లలకు బొమ్మలే బడి

మా పిల్లల వార్డులో కాలికి పిండికట్టు వేయించుకున్న ఒక బాబు మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు పాత క్యాలెండరు కాగితం, పెన్సిలు ఇచ్చాము. తన కాలును మనిషికంటే పెద్దదిగా గీసి, మడమ దగ్గర నల్లగా రుద్దాడు. డాక్టరుగారు చూస్తే కట్టు సరిగ్గా అక్కడే ఒత్తుకుంటోంది.

తల్లిదండ్రులారా, కట్టు ఉన్నన్ని వారాలూ పిల్లల్ని టీవీకి అప్పగించకండి. పలక, బలపం, నాలుగు కాగితాలు చాలు. రెండేళ్లకు గీత, మూడేళ్లకు గుండ్రం, ఐదేళ్లకు త్రిభుజం గీస్తారు. కాస్త ముందూ వెనుకా అయితే కంగారుపడనక్కర లేదు. "ఇదేమిటి, ఏనుగా, పందా?" అని నవ్వకండి. "దీని కథ చెప్పు నాన్నా" అని అడగండి. చెప్పిన మాటల్ని దిద్దకుండా బొమ్మ కింద రాసిపెట్టండి. పది కాగితాలు సూదీదారంతో కుడితే అదే వాడి పుస్తకం. అక్షరాలు రాకపోయినా తన మాటలు గుర్తుపట్టి చదివేస్తాడు.

ఎడమచేత్తో గీస్తే గీయనివ్వండి. చేయి మార్చమని కొట్టే పెద్దల్ని ఇప్పటికీ చూస్తున్నాము. అది జబ్బు కాదు.

రంగులకు బీట్‌రూట్ రసం, ఆకుకూర పసరు వాడుకోవచ్చు. సిందూరం ఇవ్వకండి, కొన్నిటిలో సీసం ఉంటుంది. సున్నం కలిసిన ముగ్గు కళ్లలో పడితే ప్రమాదం, దాని బదులు బియ్యప్పిండి ఇవ్వండి. పిల్లలు బలపం అదేపనిగా తింటుంటే తిట్టకుండా రక్తపరీక్షకు తీసుకురండి. రక్తం తక్కువై ఉండవచ్చు.