పేర్ల బేరం

బజారుకు వెళితే వంకాయలు కొంటాం, బియ్యం కొంటాం. పుస్తకాల కొట్లో నోటుపుస్తకాలు కొంటాం. ఎవరైనా పేరు కొంటారా? "మీ దగ్గర మంచి పేరు ఏదైనా ఉందా? ఎంతకిస్తారు?" అని అడిగి చూడండి. కొట్టతను మనల్ని ఎగాదిగా చూస్తాడు.

కాని 1999లో అమెరికాలో అచ్చంగా అలాంటి బేరమే ఒకటి జరిగింది. 'బిజినెస్ డాట్ కామ్' అనే ఒక్క పేరు 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అమ్మినాయన దాన్ని కొద్ది ఏళ్ల ముందు లక్షా యాభై వేల డాలర్లకు కొన్నాడు. అంటే ఒకటికి యాభై! ఆ పేరుతోపాటు ఇల్లు లేదు, స్థలం లేదు, బంగారం లేదు. ఉన్నది ఒక మాట. అంతే.

ఇలాంటి కథ విన్నవాళ్లకు నోరూరడం సహజం. "మనమూ నాలుగు పేర్లు కొని పడేస్తే పోలా?" అనిపిస్తుంది. అలా దిగి చేతులు కాల్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని ఈ బేరం సంగతి ఏమిటో పాఠాలుగా, మొదటినుంచి నేర్చుకుందాం.

మొదటి పాఠం: పేరు ఎందుకు పుట్టింది?

ఇంటర్నెట్టులో కంప్యూటర్లు ఒకదాన్నొకటి సంఖ్యలతో పిలుచుకుంటాయి. మనం ఫోను నంబరు వాడినట్టే. ఈ సంఖ్యలో నాలుగు భాగాలు. ఒక్కొక్క భాగం 0 నుంచి 255 లోపు ఏదైనా కావచ్చు. 256ను నాలుగుసార్లు హెచ్చవేస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 వస్తుంది. అన్ని సంఖ్యలూ చాలక ఈమధ్య ఇంకా పొడవైనవి కూడా వాడుతున్నారు.

కంప్యూటరుకు సంఖ్యలంటే హాయి. మనకేమో తలనొప్పి. పైగా కంప్యూటరును మారిస్తే సంఖ్య మారిపోవచ్చు. అందుకని మొదట్లో ఒక జాబితా రాసుకున్నారు: ఈ పేరుకు ఈ సంఖ్య అని. కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ జాబితాను చూసుకునేది. కొత్త కంప్యూటరు చేరితే వాళ్లకు తెలియజేయాలి. వాళ్లు జాబితాలో చేరుస్తారు. మిగిలినవాళ్లందరూ కొత్త నకలు తెచ్చుకోవాలి.

పది కంప్యూటర్లున్నప్పుడు ఇది బాగానే ఉంటుంది. వేలకు వేలు వస్తే? 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు దారి చూపాడు. ఒకే పెద్ద జాబితా వద్దు, దాన్ని ముక్కలు చేసి తలా ఒక ముక్క చూసుకుందాం అన్నాడు. అదే నేటి 'డొమైన్ పేర్ల' పద్ధతి.

రెండో పాఠం: పేరును వెనకనుంచి చదవాలి

తపాలా కచేరీలో ఉత్తరాలు విడదీసేవాళ్లను గమనించారా? వాళ్లు మీ పేరు ముందు చూడరు. అట్టడుగున ఉన్న పిన్‌కోడు, జిల్లా చూస్తారు. తర్వాత ఊరు, తర్వాత వీధి. చివరికి మీ పేరు. కంప్యూటరు కూడా అంతే.

పాఠ్యపుస్తకాలకోసం మీరు 'ఎన్‌సీఈఆర్‌టీ డాట్ నిక్ డాట్ ఇన్' అని కొట్టారనుకోండి. ప్రశ్న మొదట మూల సర్వర్ల దగ్గరకు పోతుంది. ఇవి 13 పేర్లతో, ప్రపంచమంతటా వందల చోట్ల నకళ్లతో ఉన్నాయి. "'ఇన్' జాబితా ఎవరి దగ్గరుంది?" అని అడిగితే ఇవి చెబుతాయి. 'ఇన్' జాబితా చూసేవాళ్లు 'నిక్' ఎక్కడుందో చెబుతారు. 'నిక్' వాళ్లు 'ఎన్‌సీఈఆర్‌టీ' సంఖ్య చెబుతారు. ఇదంతా మీరు రెప్పవేసేలోగా అయిపోతుంది. ఒకసారి తెలిసిన జవాబును కొంతసేపు గుర్తుంచుకుంటారు గనుక ప్రతిసారీ ఇంత తిరుగుడు కూడా అక్కరలేదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. డొమైన్ పేరంటే ఒక జాబితాలో ఒక వరుస. కొనేది, అమ్మేది ఆ వరుసనే.

మూడో పాఠం: ఇది పట్టా కాదు, కౌలు

పొలం కొంటే పట్టా వస్తుంది. ఎన్నేళ్లయినా మనదే. పొలం కౌలుకు తీసుకుంటే? గడువులోగా కౌలు చెల్లించినంతకాలమే దున్నుకోగలం. డొమైన్ పేరు రెండో రకం. దాన్ని 'కొన్నాం' అంటాం గాని నిజానికి కౌలుకే తీసుకుంటాం. 'కామ్' పేరును ఒకేసారి పదేళ్లకు మించి తీసుకోవడానికి వీల్లేదు. గడువు తీరేలోగా మళ్లీ డబ్బు కట్టాలి.

1995 దాకా ఈ పేర్లు ఉచితంగానే ఇచ్చేవారు. ఆ ఏడు సెప్టెంబరులో రెండేళ్లకు 100 డాలర్ల రుసుం పెట్టారు. 1998లో 'ఐకాన్' అనే సంస్థ ఏర్పడి, పేర్ల పద్ధతిని పర్యవేక్షించసాగింది. 'కామ్' ఖాతాపుస్తకం వెరిసైన్ అనే కంపెనీ చూస్తుంది. అందులో 15 కోట్లకు పైగా పేర్లున్నాయి. మన దేశపు 'ఇన్' పుస్తకం 'నిక్సీ' అనే సంస్థ అజమాయిషీలో ఉంది. 2005లో నిబంధనలు సడలించాక 'ఇన్' పేర్లు అందరికీ సులభంగా దొరుకుతున్నాయి. మనం ఈ సంస్థల దగ్గరకు నేరుగా పోము. మధ్యలో చిల్లర వర్తకుల్లాంటి 'రిజిస్ట్రార్లు' ఉంటారు. వాళ్లకు డబ్బు కడితే పుస్తకంలో మన వరుస రాయిస్తారు.

కౌలు కట్టడం మరిచిపోతే? చిన్నవాళ్లే కాదు, పెద్దవాళ్లూ మరిచిపోతారు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన 'పాస్‌పోర్ట్ డాట్ కామ్' పేరుకు రుసుం కట్టడం మరిచిపోయింది. హాట్‌మెయిల్ తెరవాలంటే ఆ పేరు గుండానే వెళ్లాలి. సరిగ్గా క్రిస్మస్ రోజుల్లో ఎంతోమందికి ఉత్తరాలు తెరుచుకోలేదు. సంగతి కనిపెట్టిన ఒక ప్రోగ్రామరు తన జేబులోంచి 35 డాలర్లు కట్టేశాడు. తలుపు తెరుచుకుంది. అంత పెద్ద కంపెనీ పని ఆగింది 35 డాలర్లకు!

ఆయన మంచివాడు గనుక సరిపోయింది. గడువు తీరిన 'కామ్' పేరు వెంటనే పోదు. మామూలుగా కొన్ని వారాల వ్యవధి ఇస్తారు. ఆ తర్వాత మరో 30 రోజులపాటు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే, అయిదు రోజులు ఆగి పేరును వదిలేస్తారు. ఎవరు ముందు పట్టుకుంటే వారిది. ఒక బడి పేరు అలా పోయిందనుకోండి. ఆ బడికి రావలసిన ఉత్తరాలు కొత్తవాడి చేతిలో పడగలవు. చూశారా, పోయేది పేరొక్కటే కాదు!

నాలుగో పాఠం: వెల ఎక్కడినుంచి వస్తుంది?

మొదటి కారణం కొరత. ఇంగ్లీషులో 26 అక్షరాలు. రెండక్షరాల పేర్లు ఎన్ని? 26ను 26తో హెచ్చవేయండి: 676. మూడక్షరాలవి 17,576. నాలుగక్షరాలవి 4,56,976. ప్రపంచంలో కోట్ల వ్యాపారాలున్నాయి, మూడక్షరాల 'కామ్' పేర్లు మాత్రం పదిహేడు వేల చిల్లర. అవి ఏనాడో అయిపోయాయి. పేరు పొడుగయ్యేకొద్దీ సంఖ్య బ్రహ్మాండంగా పెరుగుతుంది, విలువ తరుగుతుంది. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు గాని, అంత పేరు ఎవరికి గుర్తుంటుంది?

రెండో కారణం అర్థం. వినగానే రాయగలిగి, చూడగానే పలకగలిగి, ఏదో ఒక పనికి సరిపోయే మాటకు గిరాకీ. 2019లో 'వాయిస్ డాట్ కామ్' 3 కోట్ల డాలర్లకు పోయింది. ఇలాంటివి లాటరీ గెలుపులవంటివి. పత్రికలకెక్కేవి అవే. అమ్ముడుపోని పేర్ల గురించి ఎవరూ రాయరు.

మూడో కారణం తోక. ఒక్కొక్క దేశానికి రెండక్షరాల తోక ఉంది. మనది 'ఇన్'. కరీబియన్ సముద్రంలో అంగ్విలా అనే చిన్న దీవికి 'ఏఐ' వచ్చింది. అక్కడి జనాభా మన ఒక మేజరు పంచాయతీ అంత. కృత్రిమ మేధకు ఇంగ్లీషులో పొట్టిపేరు కూడా 'ఏఐ'యే కదూ! దాంతో ఆ రంగంలోని కంపెనీలన్నీ ఆ తోకకోసం ఎగబడ్డాయి. 2023లో ఆ దీవి ప్రభుత్వ ఆదాయంలో అయిదో వంతు దాకా ఈ పేర్లనుంచే వచ్చింది. రెండక్షరాలు ఒక దీవికి పాడియావు అయ్యాయి. తెలుగు లిపిలో '.భారత్' అనే తోక కూడా ఉంది. పేరు మొత్తం తెలుగులోనే పెట్టుకోవచ్చు.

అయిదో పాఠం: లెక్క చూసుకుని దిగండి

ఒకాయన వంద పేర్లు కొన్నాడనుకుందాం. ఒక్కొక్క పేరుకు ఏడాదికి 1,000 రూపాయలు అనుకోండి. మొత్తం లక్ష. ఏడాదిలో ఒక పేరు 25,000కు అమ్ముడుపోయింది. "వెయ్యి పెడితే పాతికవేలు!" అని ఊరంతా చెప్పుకున్నాడు. అసలు లెక్క ఏమిటి? 75,000 నష్టం. మరుసటి ఏడాది మిగిలిన 99 పేర్లకు మళ్లీ 99,000 కట్టాలి. బియ్యం అమ్ముడుపోకపోతే వండుకు తినవచ్చు. అమ్ముడుపోని పేరు తిండికి రాదు, కౌలు మాత్రం అడుగుతుంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే!

ఆరో పాఠం: ఒకరి పేరు ఒకరు అమ్మకూడదు

"పెద్ద కంపెనీ పేరునే మనం ముందుగా రాయించుకుని, వాళ్లకే అమ్మితే?" అని మీలో ఎవరికో తోచే ఉంటుంది. తోచినా చేయకండి. పుస్తకంలో వరుస రాయించుకున్నంతమాత్రాన హక్కు రాదు.

మన సుప్రీంకోర్టులోనే ఈ సంగతి తేలింది. హైదరాబాదు సత్యం కంపెనీకి చెందిన సత్యం ఇన్ఫోవే 'సిఫీ' అనే పేరు పెట్టుకుని 1999లో డొమైన్లు తీసుకుంది. తర్వాత మరో కంపెనీ 'సిఫ్ఫీనెట్' అని పెట్టుకుంది. రెండూ పలికితే దాదాపు ఒకటే. 2004 మే నెలలో కోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, జనం దాన్ని చూసి సరుకును, సేవను గుర్తుపడతారు, కాబట్టి వ్యాపార చిహ్నానికున్న రక్షణ దానికీ ఉంటుంది అని కోర్టు భావం. కోర్టుకు వెళ్లకుండానే ఇలాంటి తగాదాలు తీర్చే పద్ధతిని ఐకాన్ 1999లో పెట్టింది. చెడ్డ బుద్ధితో తీసుకున్నట్టు తేలితే పేరు లాగేసుకుంటారు. డబ్బు రాదు, పరువూ పోతుంది.

నలుగురూ వాడే మామూలు మాట, లేదా మీరే కల్పించిన కొత్త మాట, ఇవి అమ్మడానికి తగిన సరుకు. ఇంకొకరు చెమటోడ్చి సంపాదించుకున్న పేరు సరుకు కాదు.

ఏడో పాఠం: చేతులు మారేటప్పుడు

కొనేవాడు ఒక ఖండంలో, అమ్మేవాడు ఇంకో ఖండంలో. డబ్బు ముందా, పేరు ముందా? ఎవరు ముందిచ్చినా భయమే. అందుకని ఇద్దరూ నమ్మే మధ్యవర్తి దగ్గర డబ్బు ఉంచుతారు. పేరు చేతికి వచ్చిందని కొన్నవాడు చెప్పాకే మధ్యవర్తి డబ్బు వదులుతాడు. దీన్ని 'ఎస్క్రో' అంటారు. పేరును ఒక రిజిస్ట్రారునుంచి మరొకరికి మార్చడానికి ఒక రహస్య సంకేతం ఉంటుంది. బేరం స్థిరపడకముందే దాన్ని ఎవరికీ చెప్పకూడదు.

ఒక పాత మోసం కూడా తెలుసుకోండి. "మీ పేరు రెండు లక్షలకు కొంటాను. కాని ముందు ఫలానా చోట రుసుం కట్టి, దాని విలువ తెలిపే పత్రం తీసుకోండి" అని ఉత్తరం వస్తుంది. రుసుం కట్టగానే కొనేవాడు మాయం! నిజంగా కొనేవాడు అమ్మేవాడి చేత ముందుగా ఖర్చు పెట్టించడు.

మన చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. కాబట్టి మీరు పేరు తీసుకోవాలంటే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, వాళ్ల పేరుమీదే తీసుకోండి.

మీరే చేసి చూడండి

1. ఇంగ్లీషు అక్షరాలతోపాటు 0 నుంచి 9 దాకా అంకెలు కూడా వాడితే మూడు స్థానాల పేర్లు ఎన్ని వస్తాయి? (36ను మూడుసార్లు హెచ్చవేయండి.)

2. అయిదో పాఠంలోని ఆయనకు మొదటి ఏడు లాభమూ నష్టమూ లేకుండా ఉండాలంటే, 25,000 చొప్పున ఎన్ని పేర్లు అమ్ముడుపోవాలి?

3. మీ బడికి డొమైన్ పేరు ఉందా? ఉంటే దాని గడువు ఎప్పుడు తీరుతుందో, కౌలు కట్టే బాధ్యత ఎవరిదో మేష్టారినడిగి తెలుసుకోండి. "నాకు తెలియదే!" అని మేష్టారంటే, ఈ పాఠం మీ బడికి అప్పుడే అక్కరకొచ్చిందన్నమాట.