పొడితో కేన్సర్ కణాలు చస్తాయా?

ప్రశ్న: అమ్మకు రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయింది. కీమో చేయించుకోవాలన్నారు. ‘ఎన్‌కే కణాలను పెంచే పొడి వాడితే కీమో అక్కర్లేదు’ అని బంధువులు అంటున్నారు. నమ్మవచ్చా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: నమ్మొద్దమ్మా. 1975లో గుర్తించిన నేచురల్ కిల్లర్ (ఎన్‌కే) కణాలు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. మన కణాలు పైపొరపై గుర్తింపు కార్డులాంటి ప్రొటీన్ చూపుతాయి. అది చూపని కేన్సర్ కణానికి ఎన్‌కే కణాలు పెర్ఫోరిన్ అనే ప్రొటీన్‌తో రంధ్రం చేసి, గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లు పంపి చంపుతాయి. కానీ ముదిరిన కణితి టీజీఎఫ్-బీటా వంటి పదార్థాలు వదిలి వీటినే నీరసపరుస్తుంది. పొడులు ఆ అడ్డు తొలగిస్తాయని రుజువు లేదు. కణితి హెర్-2 పాజిటివ్ (హెర్-2 ప్రొటీన్ ఎక్కువగా ఉన్న రకం) అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఎన్‌కే కణాలను కణితి మీదికి మళ్లిస్తుంది. అమ్మ రిపోర్టులో అది చూసి డాక్టరును అడగండి. అర్హులకు ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో కీమో ఉచితం. పాఠకులందరికీ ఇదే మనవి: కీమో తేదీ తప్పించకండి.