చేతిపంపును ఇనుపదవడలును

మన తలుపుల ప్రాంతమున పూర్వము కట్టిన మట్టిమిద్దెలకు కొయ్యదూలములు ఆధారము. ఇప్పటి ఇండ్లకు కాంక్రీటులో దాగియున్న ఇనుపకడ్డీలు ఆధారము. దూలము పుచ్చినచో కంటికి కనబడును. కప్పులోని కడ్డీ బలహీనమైనచో ఎవరికిని కనబడదు. కావుననే కడ్డీల మచ్చును ముందుగా యంత్రమున బిగించి, తెగువఱకు లాగి పరీక్షింతురు. 1946లో స్థాపితమై 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల వంటి విద్యాలయములలో ఈ విద్య నేర్పుదురు.

లాగుట కంటె పట్టుకొనుట కష్టము. నేనొకప్పుడు ఒక ప్రయోగశాలలో 12 మిల్లీమీటర్ల కడ్డీని లాగుచుండగా చూచితిని. నాలుగు టన్నుల యొద్ద ముల్లు దిగ్గున పడిపోయినది. ఒక విద్యార్థి "తెగినది" అని వ్రాసికొనెను. దవడలు విప్పి చూడగా కడ్డీ చెక్కుచెదరలేదు. దానిపై పండ్ల గీతలు మాత్రము బారెడు సాగియున్నవి. కడ్డీ జారినది! ఆ అంకెను నమ్మినచో మంచి ఇనుమునకు చెడ్డపేరు వచ్చును. అంతకంటె అపాయకరమైనది వేఱొకటి కలదు: తక్కువ అంకె వచ్చినపుడెల్ల "జారియుండును" అని కొట్టివేయుట అలవాటైనచో, నిజముగా చెడ్డదైన కడ్డీయు దాటిపోయి ఎవరి నెత్తిపైననో కప్పుగా నిలుచును.

ఎంత గట్టిగా పట్టవలెనో లెక్క చూతము. 500 తరగతికి చెందిన 12 మిల్లీమీటర్ల కడ్డీ సుమారు ఆఱుంబావు టన్నులనైనను ఓర్వవలెనని భారతీయ ప్రమాణము. మంచి కడ్డీ ఏడు టన్నులు ఓర్చుననుకొనుడు. దవడపండ్ల రాపిడి గుణకము 0.3 అయినచో, దవడలు రెండు గనుక, 7ను 0.6చే భాగింపగా ఇంచుమించు పండ్రెండు టన్నుల నొక్కుడు కావలెను. ఇది మనుష్యుని చేతికి సాధ్యమా?

సాధ్యమే. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమముగా వ్యాపించునని ఫ్రాన్సు దేశస్థుడగు పాస్కల్ (1623–1662) చూపెను. దీని నాధారముగా గొని 1795లో ఇంగ్లండున బ్రామా అను నతడు నొక్కుడు యంత్రమునకు పేటెంటు పొందెను. అతడు తాళములు చేయుటయందును ప్రసిద్ధుడు. తలుపుల వారికి ఇది జ్ఞాపకముండదగిన మాట. పిడిపై 20 కిలోల బలము మోపుడు. పిడి దానిని 15 రెట్లు చేయగా 300 కిలోలగును. చిన్న పిస్టను వైశాల్యము ఒక చదరపు సెంటీమీటరు, దవడను త్రోయు పెద్ద పిస్టనుది 50 అయినచో, రాపిడి నష్టము విడిచిపెట్టగా, 15 టన్నులు సిద్ధించును. అయితే ఊరక వచ్చునది కాదు: చిన్న పిస్టను 2 సెంటీమీటర్లు దిగినపుడు పెద్దది 0.4 మిల్లీమీటరు మాత్రమే కదలును. అందుకే ఓపికతో కొట్టవలెను.

పంపును సమతలమైన బల్లకు మరలతో గట్టిగా బిగింపుడు. పెద్ద పిస్టనును పూర్తిగా వెనుకకు రప్పించిన పిమ్మటనే తొట్టిలో చమురు నింపవలెను; లేనియెడల అది తిరిగివచ్చునపుడు పొర్లును. యంత్రము చేసినవారు చెప్పిన చమురునే సన్నని జల్లెడగుండ వడియగట్టి పోయుడు. బండ్ల బ్రేకులకు పోయు ద్రవము దీనిలో పోయరాదు. అది ఈ చమురుకు తగిన రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేయును.

తరువాత గాలిని వెడలగొట్టవలెను. చమురు ఇంచుమించు అణగదు, గాలి అణగును. గొట్టములో గాలి యున్నచో మీ శ్రమ దానిని అణచుటకే చెల్లును, పిడి దూదిని నొక్కినట్లుండును. పంపును దవడల కంటె ఎత్తున నుంచి, బరువు లేకుండ పిస్టనును పలుమాఱులు ముందునకు వెనుకకు నడిపినచో గాలి తొట్టిలోనికి వచ్చును.

ఇక పట్టు నిలుచునా యని చూడుడు. ఒక ఉక్కుముక్కను దవడల నడుమ నుంచి, పీడనము పెంచి, పది నిమిషములు గేజిని కనిపెట్టియుండుడు. ముల్లు దిగుచు బయట చమురు కనబడనిచో లోపలి వాల్వులో నలుసు పడియుండును. పిడి తనంతట పైకి లేచినచో చమురు పోవు దారిలోని గుండు సరిగా కూర్చుండలేదు. విడుదల మరను చేతితోనే బిగింపుడు. స్పానరు వేసినచో దాని కూర్చుండు చోటు చెడును. గొట్టమున సన్నని బెజ్జము ఏర్పడినదని తోచినచో వ్రేలితో తడుమవద్దు! అంతటి పీడనమున చమురు చర్మమును దూసికొని లోనికి పోవును. అట్టముక్కను దూరముగా పట్టి చూడుడు. అటు తరువాత పీడనము వదలి గొట్టమును మార్పుడు.

నేను చూచిన కడ్డీ జారుటకు కారణమేమి? పంపు నిర్దోషమే. దవడపండ్ల సందులలో వెనుకటి కడ్డీల పొట్టు నిండియున్నది, అంతే. ఇనుపకుంచెతో తోమి, అదే కడ్డీని మరల పట్టించినప్పుడు అది ఏడు టన్నులు దాటి తెగినది. నాటినుండి ప్రతి కడ్డీ తరువాతను అచ్చట కుంచె ఆడుచున్నది. దవడలు జారెడు వీపులకు కొంచెము గ్రీసు రాతురు, పండ్లకు మాత్రము రాయరు. సాయంకాలము పీడనము వదలి, పిస్టనును లోనికి రప్పించి, మన సీమ ఎఱ్ఱదుమ్ము పడకుండ యంత్రముపై గుడ్డ కప్పుదురు.