వేకువనే సముద్రపు ఒడ్డున



మన మరోదాలో చదువుకునే తెలుగు పిల్లల్లో చాలామందికి సెలవులంటే విశాఖపట్నమో, విజయనగరమో, శ్రీకాకుళమో. తాతగారి ఊరు అటువైపే ఉంటుంది. దుర్గ్‌లో రైలెక్కితే రాయపూర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటుకుని సముద్రం దగ్గరికి చేరుకుంటాం. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖ వందే భారత్ రైలు కూడా వచ్చింది. ఇప్పుడది ఎనిమిది గంటల ప్రయాణం.

సెలవుల తర్వాత మీరు రాసే వ్యాసాలను మేము ఏటా దిద్దుతాం. వాటిలో కురుసుర జలాంతర్గామి ఉంటుంది, కైలాసగిరి ఉంటుంది, మిరపకాయ బజ్జీ ఉంటుంది. సముద్రంలో, ఒడ్డున బతికే జీవులు మాత్రం ఒకటో రెండో వాక్యాల్లో అయిపోతాయి. అది మీ తప్పు కాదు. మనం సాయంత్రం పూట వెళ్తాం. అప్పటికి ఒడ్డంతా మనుషులే. ఇసుక మీద మన అడుగులు తప్ప ఇంకేమీ కనిపించవు. సముద్రాన్ని చదవాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి. ఎలా చదవాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఏ వేళకు వెళ్ళాలి?

సముద్రంలో నీరు రోజుకు రెండుసార్లు పైకి వస్తుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పైకి రావడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని ఆటు అనీ అంటాం. ఈ వేళలు రోజూ ఒకేలా ఉండవు. ఈరోజు ఉదయం 5 గంటలకు పోటు వస్తే, రేపు సుమారు 5.50కి వస్తుంది. చంద్రుడి కదలికే దీనికి కారణం. ఆటు సమయంలో తడి ఇసుక వెడల్పుగా బయటపడుతుంది. అప్పుడే ఎక్కువ జీవులు కనిపిస్తాయి. కాబట్టి సెలవులకు వెళ్ళిన మొదటి రోజే అక్కడి జాలరులను "రేపు ఆటు ఎప్పుడు?" అని అడగండి. గడియారం చూడకుండానే చెబుతారు.

2. ఇసుక ఒక పలక

రాత్రంతా ఒడ్డున తిరిగిన జీవులన్నీ ఇసుక మీద తమ గుర్తులు వదిలి వెళ్తాయి. ఎండ ఎక్కేలోగా, మనుషులు తొక్కేలోగా వాటిని చూడాలి.

తడి ఇసుక మీద ఆవగింజల కన్నా కాస్త పెద్దవైన ఉండలు వందల కొద్దీ, చిన్న రంధ్రం చుట్టూ ముగ్గు పెట్టినట్టు పరుచుకుని ఉంటాయి. అది ఒక చిన్న పీత పని. ఇసుకను నోటితో జల్లించి, అందులోని ఆహారపు నలుసులను తిని, మిగిలిన ఇసుకను ఉండ చేసి వదిలేస్తుంది. పోటు రాగానే ఆ ముగ్గంతా చెరిగిపోతుంది. మళ్ళీ ఆటు రాగానే పీత మొదటినుంచి మొదలుపెడుతుంది.

పొడి ఇసుకలో అంతకన్నా పెద్ద రంధ్రాలుంటే అవి ఇసుక రంగులోనే ఉండే పీతలవి. కళ్ళు పుల్లల్లా పైకి నిలబడి ఉంటాయి. మనం పది అడుగుల దూరంలో ఉండగానే పక్కకు పరుగెత్తి మాయమవుతాయి. అలల అంచున గుంపుగా పరుగెత్తే చిన్న పక్షులు ఉల్లంకి పిట్టలు. అల వెనక్కి వెళ్తుంటే దాని వెంట పరుగెడతాయి. అల వస్తుంటే వెనక్కి వచ్చేస్తాయి. వీటిలో చాలా రకాలు చలికాలానికి ఉత్తర దేశాల నుంచి వచ్చినవే. పడవల మీద తిరుగుతున్న, తెల్లని తల, ఇటుక రంగు రెక్కలు గల గద్దను గరుడపక్షి అంటారు.

ఇక మీరు ప్రత్యేకంగా వెతకవలసిన గుర్తు ఒకటుంది. సముద్రం నుంచి పైకి వచ్చి, మళ్ళీ సముద్రంలోకే వెళ్ళిన రెండు వరసల జాడ. చిన్న ట్రాక్టరేదో నడిచినట్టుంటుంది. వెడల్పు రెండడుగుల పైనే. అది సముద్రపు తాబేలు జాడ.

3. తాబేలు ఎందుకు ఒడ్డుకొస్తుంది?

మన తూర్పు తీరానికి వచ్చే వాటిలో ముఖ్యమైనది ఆలివ్ రిడ్లే తాబేలు. పైడిప్ప సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 35 నుంచి 50 కిలోలు ఉంటుంది. జీవితమంతా సముద్రంలోనే గడిపే ఈ తాబేలు గుడ్లు పెట్టడానికి మాత్రం నేల మీదికి రావాలి. ఆంధ్ర తీరంలో సాధారణంగా జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ వరకు రాత్రివేళల్లో వస్తుంది. వెనక తెడ్లతో అడుగున్నర లోతు గొయ్యి తీసి, సుమారు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. గుడ్లు పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, మెత్తని పెంకుతో ఉంటాయి. తర్వాత ఇసుక కప్పి, తన పొట్టతో దబదబా కొట్టి చదును చేసి వెళ్ళిపోతుంది. ఈ పనంతా గంటలోపే. గుడ్లు పెట్టేటప్పుడు దాని కళ్ళ వెంట నీరు కారుతుంది. అది ఏడుపు కాదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ళ దగ్గరి గ్రంథులు బయటికి పంపించడం.

తల్లి మళ్ళీ తిరిగి చూడదు. గుడ్లను పొదిగేది ఇసుక వేడే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒక్కటే ఉండవచ్చని అంచనా. అలా బతికిన ఆడ తాబేలు పది పదిహేనేళ్ళకు, తాను పుట్టిన తీరానికే గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. భూమి అయస్కాంత శక్తి దానికి దారి చూపుతుందట.

మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఊరు మారే మనకు ఇది వింతగానే ఉంటుంది. "మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే మీలో సగం మంది ఆలోచనలో పడతారు. మేమూ అంతే. తాబేలు మాత్రం ఆలోచించదు.

ఒడిశాలో గహీర్‌మథ, రుషికుల్య నదీముఖాల దగ్గర ఇవి ఒకేసారి లక్షల్లో వస్తాయి. దేవి నదీముఖం దగ్గర కూడా గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య దగ్గరే ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయని లెక్క తేలింది. మన ఆంధ్ర తీరంలో అంత గుంపులు రావు. ఒకటీ రెండుగా వస్తాయి. కాబట్టి ఇక్కడ ఒక్కొక్క గూడూ విలువైనదే.

4. మేము చూసినది

ఒక మార్చి నెలాఖరున దొరికిన నాలుగు రోజుల సెలవులో మా కుటుంబం విశాఖలో ఉంది. రోజూ అయిదింటికల్లా ఇసుకలో నడిచాం. మొదటి రోజు పీతలు, పక్షులు. రెండో రోజు ఒడ్డున కొట్టుకొచ్చిన పెద్ద తాబేలు కనిపించింది. పైన ఏ గాయమూ లేదు. కాని అది చనిపోయి ఉంది. పక్కనే వల చిక్కు తీసుకుంటున్న ఒక ముసలి జాలరిని మా అబ్బాయి అడిగాడు.

"తాతా, దీన్ని ఎవరు చంపారు?"

"ఎవులూ సంపలేదు బాబూ. పెద్ద బోటు వలలో పడిపోయుంటాది. నీటిలో ఉండీదే గానీ దానికీ ఊపిరి కావాల కదా. పైకి రానేక సచ్చిపోనాది."

ఆయన చెప్పింది నిజం. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. ఊపిరి కోసం మధ్యమధ్య నీటి పైకి రావాలి. మరపడవలు లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే పైకి రాలేక మునిగి చనిపోతుంది. సముద్రంలో బతికే జీవి సముద్రంలో మునిగి చనిపోవడం విచిత్రంగా అనిపించవచ్చు. కాని మన తీరానికి కొట్టుకొచ్చే ఎన్నో తాబేళ్ళ కథ ఇదే.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఒకచోట పదిమంది నిలబడి ఉన్నారు. అటవీ శాఖ ఏర్పాటు చేసిన, వల కంచె కట్టిన గూళ్ళ నుంచి ఆ రాత్రి బయటికొచ్చిన పిల్లలను వదులుతున్నారు. ఒక్కొక్కటీ మన అరచేతిలో సగం కూడా లేదు. వాటిని తీసుకెళ్ళి నీళ్ళలో వేయలేదు. అలలకు కొంచెం దూరంలో ఇసుక మీదే వదిలారు. అవి తమంతట తామే నడిచి వెళ్ళాలి. మొదటి అల కొన్నింటిని వెనక్కి తోసేసింది. అవి తిరగబడి, సర్దుకుని, మళ్ళీ నడిచాయి. మా అమ్మాయి ఒకదాన్ని ఎత్తి సాయం చేస్తానంది. అక్కడున్న కాపలాదారు, "వద్దమ్మా, దాని నడక దానికే ఉండాలి" అని ఆపాడు. పావుగంటలో ఇసుక మీద చిన్న చిన్న జాడలు తప్ప ఏమీ మిగలలేదు.

5. ఆపదలు, రక్షణ

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. అంటే పులికి ఉన్నంత రక్షణ దీనికీ ఉంది. దీన్ని పట్టినా, చంపినా, గుడ్లు తీసినా నేరమే. అయినా ఆపదలు చాలా ఉన్నాయి.

*వలలు:* ట్రాల్ వలకు లోహపు చట్రం, తప్పించుకునే ద్వారం అమర్చే ఉపాయం ఉంది. చేపలు చట్రం సందుల్లోంచి వలలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి ద్వారంలోంచి బయటపడుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు చేపల వేట నిషేధం ఉంటుంది. అయితే తాబేళ్ళు ఎక్కువగా వచ్చేది అంతకుముందే. అందుకే ఈ ద్వారం ఉన్న వలలు అవసరం.

*కుక్కలు, నక్కలు, కాకులు:* ఇవి గూళ్ళను తవ్వి గుడ్లు తినేస్తాయి. అందుకే కాపలాదారులు రాత్రంతా తిరిగి, గుడ్లను కొద్ది గంటల్లోనే జాగ్రత్తగా కంచె లోపలికి మార్చి, తేదీ రాసి పెడతారు.

*దీపాలు:* పిల్లలు పుట్టగానే వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నడుస్తాయి. చీకటి రాత్రిలో సముద్రం మీది ఆకాశమే అన్నిటికన్నా వెలుగుగా ఉంటుంది. కాని ఇప్పుడు ఒడ్డున హోటళ్ళు, వీధి దీపాలు సముద్రం కన్నా ఎక్కువగా వెలుగుతున్నాయి. పిల్లలు దారి తప్పి రోడ్డు వైపు నడుస్తాయి.

కాబట్టి మీరు వేకువనే ఒడ్డుకు వెళ్తే టార్చి, ఫోను దీపం వేయకండి. తాబేలు కనిపిస్తే దూరంగా, దాని వెనక వైపు కదలకుండా నిలబడండి. జాడ కనిపిస్తే చెరపకండి. గూడు ఉన్నట్టు అనిపిస్తే తవ్వకుండా అక్కడి జాలరులకో, అటవీ శాఖ వారికో చెప్పండి. పెద్దవాళ్ళు లేకుండా ఒక్కరే నీటి దగ్గరికి వెళ్ళకండి.

6. మరోదాకూ సముద్రానికీ సంబంధం ఏమిటి?

"మనకు సముద్రం లేదు కదా, మనమేం చేయగలం?" అని మీరు అడగవచ్చు. పటం తెరవండి. మన దుర్గ్, భిలాయి ప్రాంతపు నీళ్ళు శివనాథ్ నదిలో చేరతాయి. శివనాథ్ మహానదిలో కలుస్తుంది. మహానది హిరాకుడ్ జలాశయం దాటి, ఒడిశాలో పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ పాయల్లో ఒకటి దేవి నది. పైన చెప్పిన, తాబేళ్ళు గుడ్లు పెట్టే మూడు చోట్లలో ఒకటి ఆ దేవి నదీముఖమే. ఈ రోజు మన కాలనీ కాలువలో పడిన పాలిథిన్ సంచి ఎక్కడో దారిలో ఆగిపోవచ్చు. ఆగకపోతే అది చేరే చోటు అదే.

మరోదా జలాశయం గట్టు మీద వేకువనే నడిచి చూడండి. నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. లకుముకి పిట్ట తీగ మీద కూర్చుని ఉంటుంది. తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. ఈ మూడూ విశాఖ దగ్గర కూడా కనిపిస్తాయి. మైత్రీబాగ్‌లో తెల్ల పులిని చూడటానికి టికెట్టు కొనాలి. వీటికి అక్కర్లేదు, అయిదింటికి లేస్తే చాలు.

మరొక మాట. మీలో చాలామంది "టర్టిల్" అంటారు, "కఛువా" అంటారు. రెండూ మంచి మాటలే, మర్చిపోవద్దు. కాని మీ అమ్మమ్మ ఫోనులో "ఏం చూశావమ్మా?" అని అడిగితే, ఆమెకు చెప్పడానికి "తాబేలు" అనే మాట మీ దగ్గర ఉండాలి. ఊర్లు మారినా మాటలు మనతో వస్తాయి. వాటికి సామాను లారీ అక్కర్లేదు.

పదాలు – అర్థాలు

ఆటు: సముద్రపు నీరు వెనక్కి తగ్గడం
పోటు: సముద్రపు నీరు పైకి రావడం
వేకువ: తెల్లవారే ముందు సమయం
జాడ: నడిచిన గుర్తు
పైడిప్ప: తాబేలు వీపు మీది గట్టి కవచం
నదీముఖం: నది సముద్రంలో కలిసే చోటు
జాలరి: చేపలు పట్టి జీవించే వ్యక్తి

అభ్యాసం

1. సముద్రపు తాబేలు వలలో చిక్కితే ఎందుకు చనిపోతుంది? మీ మాటల్లో రాయండి.
2. తాబేలు పిల్లలను నీళ్ళలో వేయకుండా ఇసుక మీద ఎందుకు వదిలారు? కాపలాదారు మాటకు అర్థమేమిటి?
3. "అప్పటికే నిషేధం ఉంది కదా, వలకు ద్వారం ఎందుకు?" అని ఒక బోటు యజమాని అడిగాడనుకోండి. మీరేం జవాబు చెబుతారు?
4. మరోదా నుంచి దేవి నదీముఖం వరకు నీరు వెళ్ళే దారిని పటంలో గీయండి.
5. ప్రాజెక్టు: ఏడు రోజులు వేకువనే మరోదా జలాశయం వైపు పెద్దవాళ్ళతో నడవండి. రోజుకొక జీవిని గమనించి తేదీ, సమయం, అది చేస్తున్న పని రాయండి. దాని తెలుగు పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దలను అడిగి రాయండి. మీ ఊరి పేరు, పాఠంలోని పేరు వేరుగా ఉంటే రెండూ రాయండి. రెండూ సరైనవే.