డాక్టరు బీబీసీవాడు, బెర్నీస్ కార్నెల్ పిల్ల

సౌజన్యా,

నీ ఉత్తరం అందింది. 'డాక్టర్ హూ' లాంటి సీరియళ్ళకు నవలలూ ఆడియో నాటకాలూ రాసేవాళ్ళ బతుకు ఎలా ఉంటుంది, ఆ దారి పట్టొచ్చా అని అడిగావు. ఎవరో పుట్టించిన పాత్రలకు కథలు రాయడమేమిటని మీ నాన్న అన్నాడట. ముందు దానికి జవాబు చెబుతాను. తిరుపతి వేంకట కవులు కృష్ణుణ్ణి పుట్టించలేదు. ఆయన ఏం చేస్తాడో చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా పాండవోద్యోగ విజయాలు ఆడుతున్నారంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలాయి. అందరికీ తెలిసిన పాత్ర చేత కొత్త మాట పలికించడం చిన్న విద్య కాదు. కాకపోతే కృష్ణుడి మీద రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, 'డాక్టర్ హూ' కథానాయకుడైన డాక్టర్ మీద రాయాలంటే ఆ సీరియల్ సొంతదారు బీబీసీ ఒప్పుకోవాలి. ఈ వృత్తిలో కష్టసుఖాలన్నీ ఆ అనుమతి చుట్టూనే తిరుగుతాయి.

పాత తరంలో టెరెన్స్ డిక్స్ పేరు తెలుసుకో. సీరియల్ స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేసి, 1974 నుంచి టార్గెట్ ప్రచురణ సంస్థకు ఆ కథల్నే చిన్న నవలలుగా రాశాడు. అరవైకి పైగా రాశాడు. ఇళ్ళలో వీడియోలు లేని రోజులు. ఒకసారి ప్రసారమైన కథను మళ్ళీ చూడాలంటే పుస్తకమే దిక్కు. వాక్యం ఎంత తేటగా ఉండాలో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

కానీ నువ్వు నిదానంగా చదవాల్సింది పాల్ కార్నెల్ జీవితం. 1989లో టీవీ సీరియల్ ఆగిపోయింది. వర్జిన్ ప్రచురణ సంస్థ అనుమతి తీసుకుని కొత్త కథలతో నవలలు మొదలుపెట్టింది. పేరులేని వాళ్ళు పంపిన రాతప్రతులు కూడా చదివింది. అలా అభిమానిగా కథలు రాసుకుంటున్న కార్నెల్ తొలి నవల 1991లో వచ్చింది. మరుసటి ఏడు 'లవ్ అండ్ వార్'లో బెర్నీస్ సమ్మర్‌ఫీల్డ్ అనే పురావస్తు శాస్త్రజ్ఞురాల్ని ప్రవేశపెట్టాడు. ఇరవయ్యారో శతాబ్దం మనిషి. ఆమెకో డైరీ ఉంటుంది. రాసింది నచ్చకపోతే కొట్టేయదు, పైన పసుపుపచ్చ చీటీ అంటించి ఇంకోలా రాస్తుంది. ఆ చీటీ ఒక్కటి చాలు, ఆమె తెలివీ భయమూ రెండూ తెలుస్తాయి. పాత్రను కట్టడమంటే ఇదీ!

1997లో బీబీసీ తన డాక్టర్ని వెనక్కి తీసుకుంది. వర్జిన్‌కి డాక్టర్ లేడు, కానీ బెర్నీస్ ఉంది. ఆమె హక్కు కార్నెల్‌ది. ఆమెనే నాయికగా పెట్టి నవలలు కొనసాగించారు. అప్పుడే బిగ్ ఫినిష్ అనే ఆడియో సంస్థ డాక్టర్ కోసం అడిగితే బీబీసీ ఇవ్వలేదు. వాళ్ళు బెర్నీస్ నవలల్ని తీసుకుని, లీసా బవర్‌మన్ గొంతుతో 1998లో నాటకాలు మొదలుపెట్టారు. ఆ పనితనం చూపించాకే డాక్టర్ దక్కాడు. 1999 జులైలో తొలి డాక్టర్ నాటకం వచ్చింది. ఒక రచయిత తనదిగా ఉంచుకున్న ఒక్క పాత్ర ఎంత దూరం నడిపించిందో చూడు! ఇది నాకు ఎంతో ఇష్టమైన చరిత్ర.

కార్నెల్ 1995లో రాసిన 'హ్యూమన్ నేచర్' నవలలో డాక్టర్ తానెవరో మరచి, 1914 నాటి ఇంగ్లండులో బడిపంతులుగా బతుకుతాడు. సీరియల్ తిరిగొచ్చాక, 2007లో దాన్ని కార్నెలే టీవీకి మలిచాడు. బెర్నీస్ ఉన్న చోట, టీవీలో అప్పుడు డాక్టర్‌కి తోడుగా ఉన్న మార్తా జోన్స్ వచ్చింది.

ఆడియో సంగతికొస్తే రాబర్ట్ షియర్మన్ నాటకాలు విను. రంగస్థలం నుంచి వచ్చినవాడు. 2003 నాటి 'షెర్ట్‌సో'లో కళ్ళకు తెల్లని వెలుగు తప్ప ఏమీ ఆనని చోట డాక్టరూ, అతని తోడు వచ్చిన అమ్మాయీ చిక్కుకుంటారు. దాదాపు అంతా రెండు గొంతులే. చూపు లేకపోవడం ఆడియోకి లోటు అనుకుంటాం కదా, ఆయన దాన్నే కథ చేశాడు. అదే ఏడు వచ్చిన 'జూబిలీ'లో డాక్టర్ పాత శత్రుజాతికి చెందిన డాలెక్ ఒక్కటి బందీగా ఉంటుంది. ఆ ఊహలోంచే 2005 టీవీ కథ 'డాలెక్' పుట్టింది. మధ్యలో డాలెక్‌ల హక్కుదారులతో బేరం చెడి, షియర్మన్ డాలెక్ లేకుండా ఇంకో ప్రతి రాయాల్సి వచ్చింది. తర్వాత బేరం కుదిరింది. అనుమతి మీద బతకడమంటే ఏమిటో ఇక్కడ తెలుస్తుంది. అలాంటప్పుడు కలం ఆపకుండా రాయగలవా అని నిన్ను నువ్వు అడుగు.

ఇక నువ్వు పంపిన సన్నివేశం. "అరె, నువ్వు చేతిలో లాంతరు పట్టుకుని తలుపు తీసుకుని వచ్చావే!" అని రాశావు. ఎవరూ అలా మాట్లాడరమ్మా. వినేవాడికి చూపించాలన్న తొందరలో పాత్రను వ్యాఖ్యాతని చేశావు. తలుపు కిర్రుమననీ. తర్వాత "ఆ లాంతరు కాస్త దించవే, కళ్ళలో కొడుతోంది" అనిపించు. లాంతరు కనిపిస్తుంది, చీకటి కనిపిస్తుంది, వీళ్ళిద్దరికీ చనువుందని కూడా తెలుస్తుంది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వింటూ పెరిగిన మా తరానికి ఇది చెవికి పట్టుబడిన సంగతి. నువ్వు కళ్ళతో పెరిగావు, కాబట్టి కావాలని సాధన చేయాలి. గదిలో నలుగురుంటే మాట్లాడని మనిషి వినేవాడి మనసులో ఉండడు. దగ్గో, గాజుల చప్పుడో, పేరు పెట్టి పిలిచిన పిలుపో అతన్ని గదిలో నిలబెడుతుంది. నటులు స్టూడియోలో వేరువేరు అద్దాల గదుల్లో నిలబడి చదువుతారు, చప్పుళ్ళు తర్వాత చేరుస్తారు. అంటే నీ మాటలోనే దూరం, దగ్గర, గుసగుస ఉండాలి.

ఆ సన్నివేశం తిరగరాసి, మీ అమ్మ చేతా తమ్ముడి చేతా చదివించి, నువ్వు పక్కగదిలో కూర్చుని విను. ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో అర్థం కాలేదో అక్కడ గుర్తు పెట్టి నాకు పంపు. ఏదైనా సంస్థ నుంచి ఒప్పందం కాగితం వస్తే సంతకం పెట్టే ముందు నాకు చూపించు. అందులో నువ్వు కొత్తగా పుట్టించిన పాత్రలు ఎవరివన్న పేరా ముందు వెతుకుదాం.

మీ పెదనాన్న