గొలుసు రంపమునకు తగిన గొలుసు

పెద్దమండ్యంవంటి మెట్ట మండలములలో బాటల ప్రక్కనున్న చింత, వేప, కానుగ చెట్లు మనకు నీడనిచ్చుచున్నవి. గాలివానకు అట్టి చెట్టొకటి దారికడ్డముగా కూలినచో బస్సు ఆగిపోవును, రోగిని ఆస్పత్రికి చేర్చుట దుర్లభమగును. గొడ్డళ్లతో దినమంతయు పట్టు పనిని చెట్లు కోసే మిషను, అనగా గొలుసు రంపము, త్వరగా ముగించును. అయితే దానికి తగిన గొలుసు లేనిచో మిషను ఉన్నను లేనట్లే.

1946లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలప కార్మికుడు మొద్దును తొలుచు పురుగు దవడలను పరిశీలించి, ఆ తీరున కోయు పండ్లతో గొలుసును రూపొందించెను. నేటి గొలుసులు ఆ మార్గముననే తయారగుచున్నవి.

"18 అంగుళముల గొలుసు ఒకటి" అని చీటీ వ్రాసి మనిషిని మదనపల్లెకు పంపిన చాలదు. బారు పొడవుతోపాటు మూడు కొలతలు కావలెను.

మొదటిది పిచ్. వరుసగా మూడు రివిట్ల మధ్య దూరమును కొలిచి సగము చేయవలెను. ఆ దూరము 16.5 మిల్లీమీటర్లయినచో పిచ్ 0.325 అంగుళము, 19 మిల్లీమీటర్లయినచో 3/8 అంగుళము. ఈ రెండు పిచ్‌ల మధ్య భేదము 1.27 మిల్లీమీటర్లే. అయినను ఒకదాని గొలుసు మరొకదాని పండ్లచక్రముపై కుదురుకొనదు. 3/8లో "లో ప్రొఫైల్" అను చిన్నరకము వేరుగా కలదు. దానిని ప్రత్యేకముగా అడుగవలెను.

రెండవది గేజి, అనగా బారు గాడిలో దిగు లింకు మందము. 1.1, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్ల రకములు కలవు. మందమెక్కువైన గొలుసు గాడిలో దిగదు. తక్కువైనది ఊగి ప్రక్కకు జారును.

మూడవది గాడిలో దిగు లింకుల సంఖ్య. 18 అంగుళముల బారునకే పిచ్‌ను బట్టి 62 పట్టవచ్చును, 72 పట్టవచ్చును. కావున పాత గొలుసును పరచి, ఒక్కొక్క లింకును లెక్కింపవలెను. ఈ కొలతలు తరచు బారు మీదనే ముద్రింపబడి యుండును.

కొనుటకు ముందు మరొక పరీక్ష చేయుదురుగాక. కోతలో పేళ్లు రాలక పొడి రాలినచో గొలుసు మొద్దుబారినదని గ్రహింపవలెను. అప్పుడు గుండ్రని ఆకురాయితో పదును పెట్టిన చాలును, 0.325 పిచ్‌కు 4.8, 3/8కు 5.2 మిల్లీమీటర్ల ఆకురాయి తగును. కోయు పన్ను 4 మిల్లీమీటర్లకు అరిగినచో గొలుసును మార్చక తప్పదు. పండ్లచక్రము అరిగియున్నచో దానిని కూడ మార్చవలెను. లేనిచో క్రొత్త గొలుసు త్వరలో పాడగును.

సరిపడని గొలుసు తెగి ఎగిరినచో కూలివాని ప్రాణమునకే ముప్పు. గొలుసును తొడుగునపుడు ఇంజను ఆపి, చేతులకు తొడుగులు వేసికొనవలెను. గొలుసు బారు క్రింది అంచును తాకుచు, చేతితో లాగిన సులభముగా కదలవలెను.

నిలిచియున్న చెట్టును కొట్టుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను.

పంచాయతీ సభ్యులు తమ మిషను పేరు, బారు పొడవు, పిచ్, గేజి, లింకుల సంఖ్య అను ఐదింటిని నేడే స్టాకు రిజిస్టరులో వ్రాయించి, తగిన గొలుసు నొకదానిని అదనముగా ఉంచుకొనవలెనని కోరుచున్నాము. వానకాలము వచ్చిన పిమ్మట వెదకుటకు వ్యవధి యుండదు.